పై బెంచి

జూన్ 4

ఆయన బూటు విప్పడం లేదని ఇవాళ గమనించాను. పాల వ్యాను దిగి వచ్చాడు, బూటుతోనే మంచం మీద కూర్చున్నాడు, బూటుతోనే భోంచేశాడు.

“ఇల్లు ఇప్పుడే తుడిచాను. బూటు విప్పవయ్యా” అన్నాను.

“విప్పితే కాళ్లు పట్టుకుంటావా?” అన్నాడు.

వాసన వచ్చింది. వంగి నేనే లాగేశాను. ఎడమ కాలు. మేజోడు పుండుకి అంటుకుపోయింది. నీళ్లు పోసి నానబెడితేగాని ఊడలేదు. చివరి రెండు వేళ్లు నల్లబడ్డాయి. అరికాలు కాలిన తోలులా ఉంది. ఆ వ్యానులో ఇంజను సరిగ్గా ఆయన పాదం కిందే ఉంటుంది. రబ్బరు చాప ఎప్పుడో చిరిగింది. పొద్దస్తమానం ఆ సెగ మీదే పాదం పెట్టి తోలాడు. షుగరు వల్ల కాలికి స్పర్శ పోయింది కనక కాలినట్టు తెలియలేదు.

“ఎప్పటినుంచి?”

“ఏమో. నొప్పి లేదుగా.”

నొప్పి లేకపోవడమే జబ్బని ఏళ్ల తరబడి చెబుతున్నాను. అదే మళ్లీ చెప్పాను.

“ఆ కట్టెకాళ్ల కంపెనీలో చేరినప్పటినుంచీ నీకు ఎవరి కాలు చూసినా పుండే కనబడుతుంది” అన్నాడు.

జూన్ 6

కోత డాక్టరు చీలమండ దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత మోకాలి వెనక గుంటలో పెట్టాడు. “ఇక్కడ నాడి కొట్టుకుంటోంది. ఇది ఉండగానే పని కానిద్దాం. మోకాలికి ఒక జానెడు కింద తీసేస్తాను” అన్నాడు. షుగరు కాస్త దించి వచ్చే గురువారం చేర్చుకుంటాడట.

“వేళ్లు మాత్రం తీస్తే?” అని ఆయన అడిగాడు.

“అది ఆరదు. మళ్లీ తీయాలి, మళ్లీ తీయాలి. ఈలోగా చీము పైకి పాకితే మోకాలు దక్కదు.” ఆ తర్వాత నా వైపు తిరిగాడు. “మోకాలు పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు కదమ్మా.”

చెప్పక్కర్లేదు. మా వర్క్‌షాపులో రెండు బెంచీలున్నాయి. మోకాలి కింద తీసేసినవాళ్ల కాళ్లు కింది బెంచి మీద తయారవుతాయి. మోకాలి పైన తీసేసినవాళ్లవి పై బెంచి మీద. కింది బెంచి పార్టీలు కర్ర పట్టుకుని వస్తారు, కొన్నాళ్లకి కర్ర మా దగ్గరే మర్చిపోయి వెళ్తారు. మూల అలాంటి కర్రలు కట్టకట్టి ఉన్నాయి. పై బెంచి పార్టీలు కర్ర మర్చిపోరు.

నేను పై బెంచి మనిషిని. కీలు బిగించడం నా పని.

జూన్ 7

పొద్దున్నుంచీ రాద్ధాంతం.

“కాలు తీసేస్తే వ్యాను ఎవడు తోలతాడు? నీ బాబా?”

“మోకాలుంటే నువ్వే తోలతావు. క్లచ్చు తొక్కేది మోకాలే. పాదం కాదు.”

“పాదం కాదంట! అమ్మా, విన్నావా? ఇన్నేళ్లూ నేను మోకాలితో క్లచ్చు తొక్కానంట.”

అత్త వంటింట్లోంచే, “దానికేం తెలుసురా, బొమ్మకాళ్లు చేసుకునేదానికి” అంది.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా కింద కూర్చుని ఆయన కుడి మడమ నా అరచేతిలో పెట్టుకున్నాను. “పాదం కదపకు. క్లచ్చు అనుకుని తొక్కు.” తొక్కాడు. తొడ మీద కండ బిగిసింది, అది మోకాలిచిప్పని పైకి లాగింది, చిప్ప కింద తాడు నిటారుగా లేచింది. చూపించాను. “చూశావా, గిలకా తాడూ లాంటిది. బలమంతా ఇక్కడుంది. పాదం ఉత్త అడుగుబద్ద.”

ఇంకా గట్టిగా తొక్కాడు. నేను వెల్లకిలా పడ్డాను. ఆయన నవ్వాడు. అత్త వచ్చి, “ఏంట్రా ఆ చప్పుడు?” అంది.

“క్లచ్చు ప్లేటు విరిగిందే అమ్మా” అన్నాడు.

కుడి కాలు దించి, “సరే, తియ్యమను. ఒక జానెడు పొట్టివాణ్ణవుతా, అంతేగా” అన్నాడు.

ఒప్పుకున్నాడు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 8

మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా కుడికాలి కొలతలు తీశాను. అలవాటు. అంతకు మించి ఏమీ లేదు.

జూన్ 10

మొదలుపెట్టాను. కోత మానాకగాని గిన్నె చేయలేం. మిగిలిన కాలు కూర్చునే భాగాన్ని మేం గిన్నె అంటాం. దానికి మొండికి పట్టీ చుట్టి అచ్చు తీయాలి. అయితే పిక్కా పాదమూ ముందే చేసి పెట్టుకోవచ్చు. అవి మిగిలిన కాలిని చూసి చేసేవే. ముందే ఉంటే ఆయన తొందరగా నడుస్తాడు. అందుకే.

కింది బెంచి పని నేను చేసి చాలా కాలమైంది. ఇందులో కీలు లేదు కనక చెయ్యి హాయిగా ఆడుతుంది. స్పాంజి దిమ్మని పిక్క ఆకారంలో చెక్కడమే. ఆయన పిక్క లోపలివైపు కొంచెం ఎక్కువ లావు. కొలత చూడకుండానే వచ్చేసింది.

కొత్తగా చేరినవాళ్లకి మా వర్క్‌షాపు పెద్దాయన ప్లాస్టిక్ మోకాలు విప్పి చూపిస్తాడు. నేను చేరినప్పుడు దాన్ని చూసి మోసపోయాననుకున్నాను. మోకాలంటే తలుపు బందులాంటిదని నా ఉద్దేశం. కాదు. తొడ ఎముక కింది కొస రెండు పిడికిళ్లు పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది. దాని కింద ఎముక పైభాగం బల్లపరుపు. బల్ల మీద పిడికిళ్లు పెట్టి, దాని మీద మనిషిని నిలబెట్టారు. దేంట్లోనూ ఏదీ ఇమడదు. పక్కన రెండు పట్టీలు, లోపల ఒకదాన్నొకటి దాటుకుంటూ రెండు పట్టీలు, ఆ నాలుగూ పట్టుకుంటేనే నిలబడుతుంది. పిడికిళ్ల కింద నెలవంకల్లాంటి మెత్తలు రెండు. వంగినప్పుడు ఎముక ఒక్కచోట తిరగదు, దొర్లుతూ వెనక్కి జారుతుంది. నేను బిగించే కీలుకి ఒకటే ఇరుసు. ఎన్నిసార్లు బిగించినా అది బందే.

“దేవుడు కూడా దీన్ని మేస్త్రీకి చూపించకుండా కట్టినట్టున్నాడు” అంటాడు పెద్దాయన. “ఏ మేస్త్రీ ఒప్పుకోడు.”

ఇవాళ పెద్దాయన నా దగ్గరికి వచ్చి, పిక్క చూసి, “ఇదెవరిదమ్మా?” అన్నాడు. చెప్పాను. పిక్కని ఒకసారి తిప్పి చూసి మళ్లీ బెంచి మీద పెట్టేశాడు.

జూన్ 11

రంగు కలిపాను. డ్రైవర్లకి ఎడమ కాలు కుడికాలికంటే ఒక చాయ తెల్లగా ఉంటుంది, ఎండ తలుపువైపు నుంచి కుడికాలి మీద పడుతుంది కాని ఎడమకాలిదాకా రాదు. ఇవన్నీ ఎవరు చూస్తారు? అయినా కలిపాను. చీలమండ దగ్గర చిన్నప్పటి మచ్చ కూడా పెట్టాను.

గుడ్డ కప్పి బెంచి మీద పెట్టి వచ్చాను.

నాకేం సంతోషంగా లేదు. ఇన్నేళ్లూ నా పనిని వెక్కిరించిన మనిషికి నా పని అవసరం పడిందని నాకేం సంతోషం లేదు.

జూన్ 12

సాయంత్రం వర్క్‌షాపు వాళ్లు చూడ్డానికి వచ్చారు. అచ్చులు పోసేవాణ్ణి మేం రేడియో అంటాం, నోరు మూతపడదు కనక. వాడు ఆయన్ని బావా అంటాడు. ఆయన తోటి డ్రైవర్లు ఇద్దరు అప్పటికే కూర్చుని ఉన్నారు. అంతా నవ్వుతూనే ఉన్నారు. ఆయన కూడా.

రేడియో మంచం పట్టె మీద కూర్చుని, “బావా, నువ్వేం బెంగపెట్టుకోకు. నీ కాలు మా దగ్గర రెడీగా ఉంది” అన్నాడు.

“ఏ కాలు?”

“ఎడమ కాలే. అక్క చెక్కింది. అబ్బో, ఏం పిక్క బావా! మచ్చతో సహా దింపేసింది. నీదానికంటే అదే బాగుంది. రేపు డాక్టరు దగ్గరికి పోయి, పాతది తీస్కో, కొత్తది బిగించు అనడమే.”

డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. ఒకడు, “మా చెల్లెమ్మ బండి ఆగకముందే స్పేరు టైరు దించిందిరా” అన్నాడు.

ఆయన నవ్వలేదు. దుప్పటి తీసి కాలి మీద కప్పుకున్నాడు.

జూన్ 13

ఇవాళ చేరాలి. సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టాను. ఆయన మంచం దిగలేదు.

“ఎప్పుడు చేశావు?”

“మొన్నా, అటు మొన్నా.”

“నేను సంతకం పెట్టకముందే.”

“నువ్వు సరే అన్నావు కదయ్యా.”

“నీతో అన్నాను. నాలుగు గోడల మధ్య నీతో అన్నాను. తీసుకెళ్లి బజార్లో పెట్టమన్నానా? నా కాలు ఇంకా నాకే ఉంది. వాళ్లు నా ముందు కూర్చుని నా కాలు లేనట్టే నవ్వుతున్నారు.”

“తొందరగా నడుస్తావని...”

“నీ తొందర నీది. ఎప్పుడు పోతుందా అని చూస్తున్నావు.”

అత్త అందుకుంది. “బతికున్న కాలికి బొమ్మ చేసిందిరా నీ పెళ్లాం. మనిషి పడుకుని ఉండగా గొయ్యి తవ్వినట్టు. ఇట్లాంటిదాన్ని నేనెక్కడా చూళ్లేదు.”

“అత్తయ్యా, ఇది ఆ మాటలకి టైము కాదు. ఇవాళ దాటితే...”

“దాటితే ఏమవుతుందో అది కూడా చేసి పెట్టావా?” అన్నాడు ఆయన.

ఒక్కసారి చెప్పాను. మోకాలు పోతుంది, ఆ తర్వాత నా చేతిలో కూడా ఏమీ ఉండదు అని చెప్పాను.

“ఆ కాలు మాట ఇంకోసారి ఎత్తావంటే నువ్వు ఇంట్లో ఉండవు. నాతో మాట్లాడకు” అన్నాడు.

సంచి విప్పి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టాను.

జూన్ 14

అత్త ఒక మనిషిని పిలిపించింది. ఒకప్పుడు ఏదో ఆసుపత్రిలో కట్లు కట్టేవాడట. ఇప్పుడు సొంతంగా ఒక పొడి వేస్తాడు. అందరూ పొడి డాక్టరంటారు. చేతికి తొడుగు లేదు. “కాలు కాదు కదా, వేలు కూడా పోనివ్వను. కోసేవాళ్లకి కొయ్యడమే తెలుసు” అన్నాడు. ఆయన నా వైపు చూశాడు.

నేను వేడినీళ్లు అందించాను.

జూన్ 15

పుండు ఆరుతోందట.

జూన్ 17

పుండు ఆరుతోందట. వాసన పొడిదేనట.

జూన్ 18

పెద్దాయన అడిగాడు, “చెప్పావా అమ్మా?”

“చెప్పాను. వినడం లేదు.”

“మళ్లీ చెప్పు.”

“రోజూ చెబుతూనే ఉన్నాను” అన్నాను.

ఒకసారి చెప్పడం కూడా చెప్పడమే.

జూన్ 20

పై బెంచి దగ్గరికి ఒక గుమాస్తా వచ్చాడు. ఒక కాలు తొడ సగం దాకా లేదు. నా కీలు బిగించుకుని మూడో ఏడు. కీలు వదులైందని వచ్చాడు. నడిచి చూపించమన్నాను. అందరిలాగే తుంటి ఎత్తి, కాలిని ముందుకి విసిరి, పడిన మడమని వెనక్కి తన్ని, అప్పుడు బరువు వేశాడు. తన్నకుండా బరువు వేస్తే కీలు మడత పడుతుంది. అడుగడుక్కీ ఆ తన్ను తన్నాలి. మామూలు మోకాలున్నవాడికి ఇది ఎప్పటికీ తెలియదు. నిలబడటం కూడా ఒక పని అని.

“మొన్న మా ఆవిడ కోప్పడింది. వెంటనే మోకాలు మడత పడింది” అన్నాడు. “అమ్మా, నా మాట కంటే ఆవిడ మాటే దీనికి బాగా వినబడుతోంది. ఆ స్క్రూ ఏదో కొంచెం నా వైపు తిప్పండి.”

నవ్వాను. ఇరుసు మార్చాను. మళ్లీ నడిచాడు, నడక నేర్పే బాట చివర మేం కావాలని ఉంచిన గుంట దగ్గర పడ్డాడు. పడినవాళ్లని మేం లేపకూడదు, వాళ్లే లేవాలి. లేచేటప్పుడు రెండు చేతులూ, మంచి కాలూ, గోడా అన్నీ కావలసి వచ్చాయి. కింది బెంచి పార్టీ అయితే ఒంటి చేత్తో లేస్తాడు.

“మీ ఆయనకి ఎలా ఉందమ్మా?” అన్నాడు బట్టలు దులుపుకుంటూ.

“ఆరుతోందట” అన్నాను.

జూన్ 22

దుప్పటి తొలిగి ఉంది. పిక్క మీద ఎర్రటి చార పైకి పాకింది. మోకాలికి ఇంకా కిందే ఉంది.

నాతో మాట్లాడొద్దన్నాడు. మాట్లాడలేదు.

జూన్ 23

ఇంకా కిందే ఉంది.

జూన్ 24

ఒళ్లు కాలిపోతోంది. మోకాలు కుండలా ఉబ్బింది. చిప్ప కనబడటం లేదు. వేలితో నొక్కితే చిప్ప నీళ్ల మీద తేలుతున్నట్టు ఆడింది. ఏ స్పర్శా తెలియని మనిషి ఆ వేలికి కేక పెట్టాడు.

అప్పుడు మాట్లాడాను. అత్త మీదా, పొడి డాక్టరు మీదా, ఆయన మీదా అరిచాను. ఎంత అరిచానంటే పక్కింటివాళ్లు వచ్చారు. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. ఆ గొంతు పది రోజులుగా ఎక్కడుందో.

పొడి డాక్టరు, “పథ్యం చెడింది” అని సామాను సర్దుకున్నాడు.

డ్రైవర్లు వచ్చి ఆయన్ని పాల వ్యానులోనే పడుకోబెట్టి తీసుకెళ్లారు.

జూన్ 25

“అప్పుడే వచ్చి ఉంటే” అని కోత డాక్టరు అనలేదు. అంటే బాగుండేది.

“కీలు లోపలికి చీము దిగింది. ఎముకల మధ్య మెత్తలు తినేసింది. ఇక కింద తీసి లాభం లేదు. తొడలో తీయాలి” అన్నాడు. తన కోటు మీద పెన్నుతో ఎక్కడో చూపించబోయి మానేశాడు.

“సంతకం ఎవరు పెడతారు?”

ఆయనకి స్పృహ లేదు. అత్త తల తిప్పుకుంది. నేనే పెట్టాను.

జూన్ 26

తీసేశారు. పైన.

జూన్ 30

స్పృహ బాగా వచ్చింది. దుప్పటి ఎక్కడిదాకా ఎత్తుగా ఉందో చూసుకున్నాడు. మోకాలు ఉండాల్సిన చోట దుప్పటి పల్లంగా ఉంది. అక్కడ అరచెయ్యి పెట్టి రెండుసార్లు తట్టాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“సంతకం ఎవరు పెట్టారు?” అని వాళ్లమ్మని అడిగాడు.

“ఇంకెవరు?” అంది అత్త.

జూలై 3

వర్క్‌షాపుకి వెళ్లాను. రేడియో నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. వాడు నోరు మూసుకుని పని చేయడం మొదటిసారి చూస్తున్నాను. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. నిజానికి ఈ ఇరవై రోజులూ మనసులో వాణ్ణే తిట్టాను. గుడ్డ ఎత్తి చూడమని వాడికెవరు చెప్పారు అని.

గుడ్డ కప్పలేదు. ఆ రోజు అలా రాశాను కాని కప్పలేదు. రంగు ఆరాలి అనుకున్నాను. అదీ కాదు. ఆ పిక్క బాగా వచ్చింది. వర్క్‌షాపులో అందరూ చూడాలని బెంచి చివర, కిటికీ పక్కన పెట్టాను.

దాన్ని కోసి ముక్కలు చేశాను. వేరేవాళ్ల గిన్నెలకి లోపల మెత్త కింద పనికొస్తాయి.

జూలై 19

ఇంటికి తెచ్చాం. నాతో మాట్లాడడు. “అమ్మా, దాన్ని నీళ్లిమ్మను.” “అమ్మా, దాన్ని కిటికీ మూయమను.” నేను పక్కనే ఉంటాను. అత్త ఆ మాటని మళ్లీ నాకు చెబుతుంది, నేను వినలేదన్నట్టు.

జూలై 27

వ్యాను ఇంకొకడికి ఇచ్చేశారు. ఈ కబురు చెప్పడానికి వచ్చిన డ్రైవరు స్పేరు టైరు జోకు వేసినవాడే. వాకిట్లోనే నిలబడి చెప్పి వెళ్లిపోయాడు.

“మోకాలుంటే నువ్వే తోలతావు” అన్న మాట ఎవరూ గుర్తు చేయలేదు.

ఆగస్టు 6

ఆయన వర్క్‌షాపుకి వచ్చాడు. పెద్దాయన వ్యాను పంపాడు. లోపలికి రాగానే, “నా కాలు రేడియో చెయ్యాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు” అన్నాడు. అందరిలో అన్నాడు.

రేడియో పట్టీ తడిపి మొండికి చుట్టి అచ్చు తీశాడు. “బావా, బిగువుగా ఉందా?” తప్ప ఇంకో మాట లేదు. కాని కీలు ఎత్తు చూడటం వాడికి రాదు. రెండు మోకాళ్లూ ఒక్క ఎత్తులో ఉండాలి, లేకపోతే కూర్చున్నప్పుడు ఒకటి ముందుకి పొడుచుకొస్తుంది. ఆ కొలత నాదే. పెద్దాయన సైగ చేసి రేడియోని తీసుకుని అవతలికి వెళ్లాడు.

కుడి కాలి ముందు కూర్చుని టేపు పెట్టాను. మోకాలి సందు వేలితో వెతికి పట్టుకున్నాను.

“ఆ రోజు నాకు మెలకువే” అన్నాడు.

ఏ రోజని అడగలేదు. టేపు జారింది. మళ్లీ పెట్టాను.

“మరి అప్పుడే చెప్పొచ్చుగా?”

“ఏం చెప్పను? నీ చెయ్యి చల్లగా ఉంది. కొలుచుకోనీ, దాని పని అది చేసుకుంటోంది అనుకున్నా.” గోడ మీద పాదాల బొమ్మలు చూస్తున్నాడు. “నాకు చేస్తున్నావనుకున్నా. మందికి చేస్తున్నావని తెలీదు.”

కొలత రాసుకున్నాను. తప్పు రాశాను. మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఆగస్టు 13

కీలు బిగించాను. మా దగ్గరున్నవాటిలో మంచిదే. రెండు కడ్డీల మధ్య నిలబడ్డాడు. తుంటి ఎత్తు, విసురు, వెనక్కి తన్ను, బరువు వెయ్యి. రేడియో చెబుతున్నాడు. నేను బెంచి వెనక నుంచి చూస్తున్నాను.

తన్నడం మర్చిపోయాడు. కీలు మడత పడింది. పడ్డాడు.

ఎవరూ లేపలేదు. మా నియమం. నా చేతులు వీపు వెనక కట్టుకున్నాను. ఆయన నేల మీదనుంచి అందర్నీ చూశాడు. నన్ను కూడా చూశాడు. “ఇంతేనా మీరు?” అన్నాడు.

“కుడి కాలు కిందికి తెచ్చుకో బావా, చెయ్యి కడ్డీకి వెయ్యి” అని రేడియో ఏడుస్తూ చెప్పాడు.

చాలాసేపటికి లేచాడు. ఇక వంగే కీలు వద్దట. వంగకుండా బిగించేయమన్నాడు. చాలామంది అదే అడుగుతారు. బిగించేస్తే పడరు. కూర్చున్నప్పుడు తాళం తీసి వంచుకోవాలి, లేకపోతే కాలు బల్లలా ముందుకి చాచుకుని ఉంటుంది.

పెద్దాయన వద్దన్నాడు. ఆయన వినలేదు. తాళం బిగించాను.

ఆగస్టు 21

అత్త పొద్దున్నే ఆడబిడ్డ ఇంటికి వెళ్లింది. ఇంట్లో ఇద్దరమే. భోజనాలయ్యాయి. కాలు విప్పి గోడకి ఆనించి ఆయన పడుకున్నాడు. నేను గిన్నెలు తోముతున్నాను.

“ఏమే.”

జూన్ తర్వాత ఆ పిలుపు వినలేదు. నిద్రలో పలవరించాడేమో అనుకున్నాను. మళ్లీ పిలిచాడు. చేతులు తుడుచుకుని వెళ్లాను. మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ముఖమంతా చెమట.

“మోకాలు మడత పడిపోయింది. కింద ఇరుక్కుపోయింది. చాపు.”

కుడి మోకాలు చాపే ఉంది.

“ఏ మోకాలు?” అన్నాను. అడిగాక తెలిసింది.

“అదే.”

“అక్కడేం లేదు కదయ్యా.”

“లేదని నాకు తెలీదా? కోసింది నాకు. మడత పడింది కూడా నాకే. పిర్ర కిందికి ముడుచుకుపోయి పీకేస్తోంది. చాపమంటున్నా.”

పై బెంచి పార్టీలు ఈ మాట అంటూనే ఉంటారు. మేం చెప్పే జవాబులున్నాయి. మొండిని మెల్లగా రుద్దుకోండి, రెండో కాలు ఆడించండి, అద్దంలో చూసుకోండి, కొన్నాళ్లకి పోతుంది. అవన్నీ నోటిదాకా వచ్చాయి.

మంచం పక్కన కింద కూర్చున్నాను. ఒక చెయ్యి మడమ ఉండాల్సిన చోట పెట్టాను. రెండోది మోకాలి కింద ఉండాల్సిన చోట. దుప్పటి మీద ఏమీ లేదు.

“అంత పైన కాదు. కిందికి.”

దించాను.

“ఆఁ, అక్కడ. మెల్లగా. విరుస్తావా ఏంటి?”

మెల్లగా లాగాను. ఆయన పళ్లు బిగించాడు. నేను ఆగాను. “ఆగకు” అన్నాడు. మళ్లీ లాగాను. చెయ్యి నా వైపుకి వస్తున్నకొద్దీ ఆయన ఊపిరి వదులుతున్నాడు.

మనిషి కాలు పూర్తిగా చాపేటప్పుడు, చిట్టచివర, కింది ఎముక కొంచెం బయటివైపు తిరుగుతుంది. తిరిగాకే కీలు గట్టిపడి నిలుస్తుంది. ఎవరూ కావాలని తిప్పరు, దానంతటదే తిరుగుతుంది. నేను చేసే ఏ కీలూ అలా తిరగదు. మడమ పట్టుకున్న నా చెయ్యి తిరిగింది.

“ఆఁ” అన్నాడు. “పడింది.”

పట్టె మీద వేళ్లు వదిలాయి.

“తగ్గిందా?”

“మాట్లాడకు.”

మాట్లాడలేదు. చేతులు అలాగే ఉంచాను. బరువేమీ లేదు. అయినా భుజాలు లాగాయి. వాకిట్లో ఎవరో సైకిలు బెల్లు కొట్టి, కాసేపు నిలబడి, వెళ్లిపోయారు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్ర పట్టిందేమో అనుకుని చేతులు తీయబోయాను.

“అలా వదిలెయ్యకు” అన్నాడు కళ్లు తెరవకుండానే. “కిందికి దించు. మడమ ముందు.”

మడమ ముందు దించాను. తర్వాత మోకాలు.